రీజెన్సీ నవల: రాసేవాళ్ల సందేహాలు, జవాబులు

ఇంగ్లండులోని రీజెన్సీ కాలం నేపథ్యంగా వచ్చే సరదా ప్రేమకథలు, హత్యా మిస్టరీలు ఇష్టంగా చదివేవాళ్లు, తెలుగులో అలాంటివి రాయాలని కూర్చున్నవాళ్లు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

రీజెన్సీ అంటే సరిగ్గా ఏ ఏళ్లు? ఒక్కో నవలలో ఒక్కో లెక్క కనిపిస్తోంది. (విజయనగరం)

చట్టం ప్రకారం 1811 ఫిబ్రవరి 5 నుంచి 1820 జనవరి 29 దాకా. మూడో జార్జి రాజుకు మతి చలించడంతో పెద్దకొడుకు రాజప్రతినిధిగా ఏలిన తొమ్మిదేళ్లు అవి. దుస్తులు, మర్యాదల పోలికను బట్టి ముందువెనకల ఏళ్లను కూడా కలిపేసి ఆ పేరుతోనే పిలుస్తుంటారు. మీరు మాత్రం రాయడం మొదలుపెట్టే ముందే ఏడాదీ నెలా ఖాయం చేసుకోండి. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధం. అంతకుముందు నెలలో మీ కెప్టెన్ లండన్‌లో తీరిగ్గా నాట్యం చేస్తుంటే, సైన్యం బెల్జియంలో కూడుతుండగా ఇతనిక్కడ ఎందుకున్నాడో చెప్పాలి. 1816లో తంబోరా అగ్నిపర్వతం బూడిద వల్ల ఇంగ్లండులో వేసవే రాలేదు. ఆ జూలైలో తోటలో ఎండ కాస్తూ విందు జరిగిందంటే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

ఒకే మనిషిని ఒకచోట ‘సర్’ అని, మరోచోట ‘లార్డ్’ అని రాస్తున్నాను. ఏది ఎప్పుడు? (భీమవరం)

వాటర్లూలో గెలిచిన సేనాని వెల్లింగ్టన్ (అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ) జీవితాన్ని వరసగా చూస్తే సగం చిక్కు విడిపోతుంది. ఆర్థర్ వెల్లెస్లీకి 1804లో నైట్ హోదా వచ్చింది. అప్పటినుంచి ఆయన ‘సర్ ఆర్థర్’. ‘సర్ వెల్లెస్లీ’ అని ఎవరూ అనరు, సర్ తర్వాత సొంత పేరు రావాల్సిందే. 1806లో పెళ్లయ్యాక భార్య మాత్రం ‘లేడీ వెల్లెస్లీ’, ఆమెకు ఇంటిపేరే. 1809లో వైకౌంట్ కాగానే ఆయన ‘లార్డ్ వెల్లింగ్టన్’, ఆమె ‘లేడీ వెల్లింగ్టన్’. 1812లో ఎర్ల్ అయినా, అదే ఏడాది మార్క్విస్ అయినా పిలుపు మారలేదు. 1814లో డ్యూక్ అయ్యాక ‘లార్డ్’ పోయింది. సాటివాళ్లు ‘డ్యూక్’ అంటారు, కిందివాళ్లు ‘యువర్ గ్రేస్’ అంటారు.

పైనుంచి కిందికి వరస: డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. బ్యారనెట్, నైట్ ఈ లెక్కలోకి రారు, వాళ్లకు ప్రభువుల సభలో చోటు లేదు. డ్యూక్, మార్క్విస్, ఎర్ల్ కూతుళ్లు పుట్టుకతోనే ‘లేడీ మేరీ’ లాంటివాళ్లు, మామూలు మనిషిని పెళ్లాడినా ఆ ‘లేడీ మేరీ’ పోదు. ఎర్ల్ భార్యను మాత్రం సొంత పేరుతో ‘లేడీ మేరీ’ అనకూడదు. నవలల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

ప్రేమ కోసం నాయకుడు డ్యూక్ బిరుదును వదిలేసే ముగింపు రాయకండి. బిరుదు వదులుకునే వీలు కల్పించిన చట్టం 1963లో వచ్చింది. దత్తత కొడుక్కీ, పెళ్లికి బయట పుట్టిన కొడుక్కీ బిరుదు వెళ్లదు. ఇది ఇబ్బందిగా అనిపించవచ్చు గానీ కథకు మంచి చిక్కుముడులన్నీ ఇక్కడే పడతాయి. నాయకుడికి ఇష్టం లేని బరువును దింపుకునే దారి లేకపోతేనే కథ కదులుతుంది.

‘యూ’ని తెలుగులో మీరు అనాలా, నువ్వు అనాలా? (హనుమకొండ)

చాలా మంచి ప్రశ్న. ఆ కాలపు ఇంగ్లీషు సర్వనామంలో ఈ తేడా లేదు. దగ్గరితనమంతా పిలిచే పేరులోనే ఉంటుంది. పెద్దమ్మాయి ‘మిస్’ పక్కన ఇంటిపేరుతో, చెల్లెళ్లు ‘మిస్’ పక్కన సొంత పేరుతో. మగవాడు ఆమెను ఉత్త పేరుతో పిలిచాడంటే నిశ్చితార్థమైనా అయి ఉండాలి, తొందరపాటైనా అయి ఉండాలి. కాబట్టి పేరు మారిన వాక్యంలోనే తెలుగులో ‘మీరు’ను ‘నువ్వు’గా మార్చండి, ఒక్క వాక్యం ముందు కూడా వద్దు. మన భాషకున్న ఈ వసతి ఇంగ్లీషు రచయితలకు లేదు. దీన్ని మొదటి అధ్యాయంలోనే ఖర్చు పెట్టేయడం చూస్తే బాధగా ఉంటుంది.

నౌకర్లు యజమానిని ‘దొరగారూ’ అంటే చక్కగా అతుకుతుంది. సాటి ప్రభువు నోట మాత్రం ఆ మాట వద్దు. ‘ప్రభూ’ అంటే పౌరాణిక నాటకం గుర్తొస్తుంది. భార్య చేత ‘ఏమండీ’ అనిపించకండి, ఆ ఒక్క మాటతో ఇంగ్లండు కాస్తా మన వీధి అరుగు మీదికి వచ్చేస్తుంది.

నాయకుడు జేబులోంచి స్పెషల్ లైసెన్స్ తీసి ఆ రాత్రే పెళ్లాడేస్తాడు. ఇది జరిగే పనేనా? (తెనాలి)

రాత్రి పెళ్లి అన్నంతవరకు నిజమే. కానీ ఆ కాగితంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. ‘ఎవరో ఒకరు దొరక్కపోతారా’ అని ముందే కొని పెట్టుకోవడం కుదరదు. పైగా దాన్ని ఇచ్చేది కాంటర్‌బరీ ఆర్చిబిషప్, తీసుకోవాల్సింది లండన్‌లో. మామూలుగా అది దొరికేది బిరుదున్న కుటుంబాలు, పార్లమెంటు సభ్యుల స్థాయివాళ్లకే. మీ నాయకుడు పల్లెటూరి వకీలైతే ఆశ వదులుకోవచ్చు.

1754 మార్చి నుంచి అమల్లో ఉన్న పెళ్లి చట్టం ప్రకారం మిగిలిన దారులు రెండు. ఒకటి ‘బాన్స్’: వధూవరుల చర్చిల్లో మూడు ఆదివారాలు పెళ్లి సంగతి చదివి వినిపించడం. రెండోది బిషప్ ఇచ్చే మామూలు లైసెన్స్. దీనికి ఇద్దరిలో ఒకరు ఆ పారిష్‌లో, అంటే ఆ చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో, నాలుగు వారాలు నివసించి ఉండాలి. నవలల్లో తరచూ కనిపించే పదిహేను రోజుల లెక్క 1823 తర్వాతిది. లైసెన్స్ మీద పెళ్లికి 21 నిండకపోతే తండ్రి ఒప్పుకోవాలి. ఈ రెండు దారుల్లో ఏదైనా సరే, పెళ్లి పొద్దున 8 నుంచి 12 లోపు చర్చిలోనే. పెళ్లి విందుకు ‘బ్రేక్‌ఫాస్ట్’ అని పేరు అందుకే.

తండ్రి కాదంటే ఈ పెళ్లి చట్టం వర్తించని స్కాట్లండ్‌కు పారిపోవాలి, సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్ ఊరికి. లండన్ నుంచి సుమారు 320 మైళ్లు. అద్దె బండికి నాలుగు గుర్రాలు కడితే మైలుకి సుమారు 3 షిల్లింగుల లెక్కన 960 షిల్లింగులు, అంటే 48 పౌన్లు. బండివాళ్ల బహుమానం, టోల్‌గేట్లు దీనికి అదనం. ప్రతి 10, 15 మైళ్లకు సత్రంలో గుర్రాలు మార్చాలి కాబట్టి పాతిక మార్పుల దాకా ఉంటాయి. గంటకు 8 మైళ్లు లాగినా ఆగకుండా 40 గంటలు. తండ్రి వాళ్లను పట్టుకోవాలంటే వేగంగా తోలక్కర్లేదు. ముందు వెళ్లినవాళ్లు మంచి గుర్రాలు తీసుకుపోయారా, సత్రంలో ఏవి మిగిలాయి, చిల్లర ఎవరి దగ్గర అయిపోయింది అన్న లెక్కలోనే ఉత్కంఠ అంతా ఉంది.

ప్రేమలేఖలు దాచిపెట్టడం గురించి చెప్పండి. (కర్నూలు)

అప్పట్లో కవరు వాడకం లేదు. కాగితాన్నే మడిచి లక్క ముద్ర వేసేవారు. తపాలా ఖర్చు అందుకున్నవాళ్లే కట్టాలి. 1812 రేటు ప్రకారం 80 నుంచి 120 మైళ్ల దూరానికి ఒక కాగితం 9 పెన్నీలు, రెండో కాగితం పెడితే రెట్టింపు. డబ్బు చెల్లించేది తండ్రి గనక పెళ్లికాని పిల్లకు ఎవరు రాశారో ఇంట్లో తెలియకుండా ఉండదు. రహస్యంగా జరగాలంటే పనిమనిషి చేతికో, స్నేహితురాలి ఉత్తరం మడతలోకో పంపండి. రెండో దారిలో స్నేహితురాలింట్లో ఆ రెట్టింపు ఖర్చు ఎవరికి అనుమానం తెప్పిస్తుందో చూసుకోండి.

పల్లె భవంతిలో హత్య. పోలీసులొచ్చి వేలిముద్రలు తీశారని రాశాను, తప్పంటున్నారు. మరి ఎవరొస్తారు? (ఖమ్మం)

తప్పే. లండన్‌కు మెట్రోపాలిటన్ పోలీసు 1829లో వచ్చింది. స్కాట్లండ్ యార్డులో వేలిముద్రల శాఖ 1901లో పెట్టారు.

మొదట వచ్చేది పారిష్ కానిస్టేబుల్. ఏడాది పాటు వంతు పడ్డ రైతో, దుకాణదారో. జీతం ఉండదు, శిక్షణ ఉండదు. అతను అనుమానపు చావులపై విచారణ జరిపే అధికారి కరోనర్‌కు కబురు పంపిస్తాడు. కరోనర్ కనీసం 12 మంది ఊరివాళ్లను జ్యూరీగా కూర్చోబెడతాడు. విచారణ తరచూ దగ్గర్లోని సత్రంలోనే జరుగుతుంది, జ్యూరీ శవాన్ని కళ్లారా చూసి తీరాలి. కాబట్టి శవాన్ని అప్పుడే పాతిపెట్టేయకండి. తర్వాత స్థానిక మేజిస్ట్రేటు అయిన జస్టిస్ ఆఫ్ ది పీస్ సాక్షుల మాటలు రాయించి నిందితుణ్ణి కౌంటీ జైలుకు పంపుతాడు. ఈయన ఆ చుట్టుపక్కల భూస్వామే. నిన్న రాత్రి హతుడి బల్ల దగ్గర భోంచేసినవాడే కావచ్చు. మిస్టరీకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

కేసు ఆపైన జడ్జీలు కౌంటీలు తిరుగుతూ ఏడాదికి రెండుసార్లు జరిపే అసైజ్ కోర్టుకు వెళ్తుంది. అక్కడ వకీలు సాక్షుల్ని ప్రశ్నించగలడు గానీ నిందితుడి తరఫున జ్యూరీతో మాట్లాడే హక్కు 1836 దాకా లేదు. కోర్టులో మీ వకీలు చేత ఉద్వేగభరితమైన ఉపన్యాసం ఇప్పిస్తే అది పెద్ద పొరపాటు. హత్యకు శిక్ష పడితే ఒక రోజు విడిచి ఉరి, ఆ రోజు ఆదివారమైతే సోమవారం. కాబట్టి నాయిక చివరి ఆధారం సంపాదించడానికి దొరికేది ఆ రెండు మూడు రోజులే.

డబ్బున్నవాళ్లు లండన్‌లోని బో స్ట్రీట్ మేజిస్ట్రేటు కార్యాలయం నుంచి నేరస్థుల్ని వెతికిపట్టే మనిషిని పిలిపించుకోవచ్చు. రోజుకి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, పైన ప్రయాణ ఖర్చులు. అతనికి ఎర్ర వెయిస్ట్‌కోటు తొడగకండి, అది 1805లో పెట్టిన గుర్రపు గస్తీవాళ్లది. ఎవరి పారిష్ వారిదే అన్నట్టు ఉండే ఈ ఏర్పాటు ఎంత బలహీనమో 1811 డిసెంబరులో తెలిసింది. లండన్ రాట్‌క్లిఫ్ హైవే ప్రాంతంలో 12 రోజుల తేడాతో రెండిళ్లలో ఏడుగుర్ని చంపారు, నగరం వణికిపోయింది.

విషం సంగతి: ఎలుకల మందు పేరుతో ఆర్సెనిక్‌ను ఎవరైనా కొనేవారు. 1851 చట్టం దాకా ఎవరు కొన్నారో దుకాణంలో రాసిపెట్టాల్సిన పని లేదు. కచ్చితంగా పట్టించే మార్ష్ పరీక్ష 1836లో వచ్చింది. అంతకుముందు వైద్యుడు చేయగలిగింది, గిన్నె అడుగున మిగిలిన తెల్లపొడిని ఎర్రగా కాలిన ఇనుము మీద చల్లి, తెల్ల పొగలో వెల్లుల్లి వాసన వస్తోందా అని చూడటం వంటివే.

మరో మాట. మీ కథలో చీకటి గదిలో నాయిక అగ్గిపుల్ల గీసిందని కూడా రాశారు, రాపిడితో వెలిగే పుల్ల అమ్మకానికి వచ్చింది 1827లో. ఆమె చేయాల్సింది ఇది: చెకుముకి రాయిని ఉక్కుతో కొట్టి, మాడ్చిన గుడ్డ మీద నిప్పురవ్వ పడేలా చూసి, ఊది, గంధకం పూసిన పుల్లను దానికి అంటించాలి. గుడ్డ చెమ్మగిల్లితే ఎంత కొట్టినా రాజుకోదు. కొవ్వొత్తి కూడా సాక్ష్యమే. పశువుల కొవ్వుతో చేసిన దానికి ఒత్తి నుసిని మాటిమాటికీ కత్తిరించకపోతే పొడవు పెరిగి, వంగి, కొవ్వు ఒకపక్కకు కారిపోతుంది. ‘రాత్రంతా ఇక్కడే కూర్చుని చదువుకున్నాను’ అన్నవాడి బల్ల మీద అలాంటి కొవ్వొత్తి ఉంటే అతను అబద్ధమాడుతున్నట్టే.

కథలో మన తెలుగు నేలకు బలవంతంగా కాకుండా చోటివ్వడం ఎలా? (డాలస్)

బలవంతం అక్కర్లేదు, దారి అప్పటికే ఉంది. ఆస్తి పెద్దకొడుక్కి పోతుంది గనక చిన్నకొడుకులు సైన్యంలోకో, చర్చిలోకో, ఈస్టిండియా కంపెనీ కొలువులోకో వెళ్లేవారు. కంపెనీ ఉద్యోగుల్ని తయారుచేసే హెయిలీబరీ కాలేజీ 1806లో మొదలైంది. అక్కడ చదివిన సి.పి. బ్రౌన్ 1817లో పద్దెనిమిదేళ్ల వయసులో మద్రాసులో దిగాడు. మద్రాసులో కొత్త ఉద్యోగులకు తెలుగు, తమిళం నేర్పే ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ 1812లోనే ఉంది. అంటే మీ నాయకుడి తమ్ముడు తెలుగులో రాసిన ఉత్తరం లండన్ హత్యలో ఆధారం కావడం నమ్మదగ్గదే, కాకపోతే దాన్ని చదివిపెట్టేవాణ్ణి వెతకాల్సి వస్తుంది.

మద్రాసు నుంచి ఓడ ఇంగ్లండు చేరడానికి సుమారు ఐదారు నెలలు. ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి ఏడాది పడుతుంది కాబట్టి ఆ ఉత్తరం హత్యకు ముందే బయల్దేరి ఉండాలి. డబ్బు లెక్క వరహాల్లో రాయండి. 1818లో మద్రాసులో రూపాయిని ప్రమాణం చేసేదాకా అదే చెలామణి, ఒక వరహాకు మూడున్నర రూపాయలు, సుమారు 8 షిల్లింగులు. పదివేల వరహాలతో తిరిగొచ్చినవాడి చేతిలో ఉన్నది దాదాపు 4,000 పౌన్లు. అప్పట్లో మద్రాసులో రేవు లేదు. ఓడ దూరాన ఆగితే, తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలో అలల మీద ఒడ్డుకు రావాలి. పత్రాల పెట్టె నీళ్లలో పడాలంటే పడేది అక్కడే.