270 కిలోమీటర్ల సేవా నడక: షుగర్ ఉంటే చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 54. మా నాన్నగారు సైన్యంలో పనిచేశారు. ఇబ్బందుల్లో ఉన్న మాజీ సైనికుల కోసం విరాళాలు సేకరిస్తూ హైదరాబాద్ నుంచి విజయవాడ వరకు, సుమారు 270 కిలోమీటర్లు, తొమ్మిది రోజుల్లో నడవాలనుకుంటున్నాను. డిసెంబర్ 7న, సాయుధ దళాల పతాక దినోత్సవం నాటికి చేరుకోవాలని ఆలోచన. ఇంకా నాలుగు నెలల సమయం ఉంది. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. పదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. రాత్రిళ్లు అరికాళ్లు కాస్త తిమ్మిరెక్కుతుంటాయి. నడవవచ్చా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీరు చివర్లో మాటవరసకు రాసిన తిమ్మిరి దగ్గరే మొదలుపెడతాను. పదేళ్ల షుగర్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే అక్కడి నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. స్పర్శ తగ్గిన కాలికి బూటు ఒరుసుకున్నా, లోపల గులకరాయి దూరినా తెలియదు. ఇతరులను నొప్పి ఆపుతుంది. మీకు ఆ హెచ్చరికే అందదు. సాయంత్రం సాక్సు విప్పితే గానీ పుండు కనబడదు. మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగును అరికాలిపై అక్కడక్కడ తాకించి చేసే పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. పాదాల్లో నాడి కూడా చూపించుకోండి. స్పర్శ బాగుంటే సిద్ధం కావచ్చు. లేకపోతే రోజుకు 30 కిలోమీటర్లకు నేను ఒప్పుకోను. నలుగురైదుగురు కలిసి వంతులవారీగా నడవండి. దూరమంతా మీ ఒక్కరి కాళ్లే నడవాలని దాతలు అడగరు కదా!

సాధన విషయానికొస్తే, ఒక్కరోజు 30 కిలోమీటర్లు నడవడం పెద్ద కష్టం కాదు. మర్నాడు మళ్లీ అంతే నడవడమే అసలు పరీక్ష. వారానికి ఒక రోజు ఎక్కువ దూరం నడుస్తూ, దాన్ని కొద్దికొద్దిగా పెంచండి. చివరి నెలకు వచ్చేసరికి వరుసగా రెండు రోజులు 20 నుంచి 25 కిలోమీటర్లు నడవగలగాలి. బయలుదేరే ముందు వారం తగ్గించేయండి. బూట్లు సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. సాధనంతా వాటితోనే చేయండి. బొబ్బలను గుచ్చవద్దు, ఆనెలను బ్లేడుతో కోయవద్దు.

పాదం పైభాగంలో ఒకేచోట, వేలితో చూపగలిగేలా నొప్పి వచ్చి, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే నడక ఆపేయండి. దీన్ని 'మార్చ్ ఫ్రాక్చర్' అంటారు. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ కవాతు చేసే సైనికుల పాదాల్లో ఇలా వచ్చే నొప్పిని, వాపును వర్ణించాడు. అది ఎముక చిట్లడం వల్లేనని ఎక్స్‌రేలు వచ్చాక తేలింది.

మందుల్లో నాకు బెంగగా ఉన్నది గ్లిమిపిరైడ్. ఎక్కువ నడిచిన రోజు దారిలోనే కాదు, ఆ రాత్రి నిద్రలోనూ షుగర్ పడిపోవచ్చు. సాధన మొదలుపెట్టేటప్పుడే మీ డాక్టరుతో మోతాదు మార్పించుకోండి, సొంతంగా మానేయవద్దు. గ్లూకోమీటర్ వెంట ఉంచుకోండి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. తోడుగా ఉన్నవారికీ ఇది నేర్పండి.

ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దే వద్దు. మీ బీపీ మాత్రకు ఇవీ, చెమటతో నీరు కోల్పోవడమూ తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయి. తప్పనిసరైతే పారాసిటమాల్ వేసుకోండి. దాహం మేరకే తాగండి. లీటర్ల కొద్దీ వట్టి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, మీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ వల్ల ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఛాతీ బరువెక్కినా, ఆయాసం తగ్గకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి.

మరో మాట. విరాళాలను కిలోమీటర్లకు ముడిపెట్టకండి. 'ఇంత దూరానికి ఇంత' అన్నారంటే కాలు పుండైనా మీరు ఆగరు, నాకు తెలుసు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాట్లాడి, పతాక దినోత్సవ నిధికి నేరుగా జమ చేసే ఏర్పాటు ముందే చేసుకోండి.

ఈ వారంలోనే పాదాల పరీక్షతో పాటు ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష), కంటి రెటీనా పరీక్ష చేయించుకుని ఫలితాలు రాయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లన్నది అప్పుడు చెబుతాను.