అబ్బాయ్, ట్రైలర్ కొనేముందు కింద దూరి చూడు

ఒరే అబ్బాయ్,

నువ్వు కొందామనుకుంటున్న క్యాంపర్ ట్రైలర్, అదే కారు వెనక తగిలించుకుపోయే చక్రాల ఇల్లు, దాని ఫొటోలు చూశాను. వంటగది బాగుంది, ఆ బయటికి లాగే పొయ్యి కోడలికి నచ్చిందన్నావు, సరే. పదకొండు ఫొటోల్లో చక్రాల దగ్గర తీసింది ఒక్కటీ లేదేంట్రా? ట్రైలర్ల షోలో అందరూ లోపలికెక్కి పరుపు నొక్కి చూసి దిగిపోతారు, నేనూ మొదటిసారి అదే చేశాను. ఈసారి పాత ప్యాంటు వేసుకుని వెళ్ళి కింద దూరు. ఛాసిస్ వెల్డింగులు ఎలా ఉన్నాయి, షాక్ అబ్జార్బర్లు ఉన్నాయా, బ్రేకు వైర్లూ నీళ్ళ పైపులూ రాళ్ళు తగలకుండా పైకి కట్టారా, అవి చూడు. పక్కన ఆఫ్‌రోడ్ అని పెద్ద స్టిక్కరు అంటించి, వారంటీ కాగితంలో మాత్రం గతుకుల దారి ఎక్కితే మాకు సంబంధం లేదని చిన్నక్షరాల్లో రాసే వాళ్ళున్నారు, ఆ కాగితం ముందు చదువు.

అసలు గొడవంతా బరువుతో. నీ ప్రాడో కారు మూడు టన్నులు లాగుతుందని డీలర్ చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పాడు. ట్రైలర్ ప్లేటు మీద టేర్ (ఖాళీ బరువు), ఏటీఎం (సామాను నింపాక దాటకూడని బరువు) అని రెండు అంకెలుంటాయి. ఖాళీది 1,600 కిలోలు, గరిష్ఠం 2,100 అనుకో, నీకు మిగిలింది 500. అందులో నీళ్ళు 140 లీటర్లంటే 140 కిలోలు పోయాయి, రెండు గ్యాస్ సిలిండర్లు నిండుగా దాదాపు 35, తర్వాత బిగించిన బ్యాటరీ, ఫ్రిజ్, ఆనింగ్ (నీడకి పక్కకి లాగే గుడ్డ పందిరి), పిల్లల సైకిళ్ళు, బియ్యం మూట, కుక్కరు... ఎక్కడ మిగులుతుంది? పైగా ట్రైలర్ బరువులో ఇంచుమించు పదో వంతు నీ కారు వెనక కప్లింగ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే చోట, కూర్చుంటుంది. ఆ 200 కిలోలు కారు జీవీఎం, అంటే నిండా ఎక్కించాక కారు దాటకూడని బరువు, ఆ లెక్కలోకి వస్తాయి, మీ నలుగురూ, ముందు బిగించిన ఇనుప బుల్‌బారూ, డిక్కీలో సామానూ అందులోనే. చివర్లో కారు, ట్రైలర్ కలిపిన మొత్తం జీసీఎం, అంటే రెండింటికీ కలిపి పెట్టిన హద్దు, దాటకూడదు. మూడూ సరిపోవాలి, ఒకటి సరిపోయిందని సంబరపడకు. దాటితే, రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు మెలిక పెడతారు.

నన్నడిగితే రెండు టన్నుల లోపు, ఒకటే ఇరుసు ఉన్నది తీసుకో. రెండు టన్నులు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు, ట్రైలర్ ఊడిపోతే దానంతటదే ఆగే బ్రేక్‌అవే కూడా ఉండాలి, ఖర్చు పెరుగుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో కింబర్లీ వెళ్తానంటున్నావు కదా, అక్కడ పుర్నులులు పార్కులోకి వెళ్ళే 53 కిలోమీటర్ల దారిలో రెండిరుసుల వాటిని రానివ్వరు. ట్రైలర్‌కీ కారుకీ ఒకే సైజు చక్రాలు, ఒకే బోల్టులు ఉంటే స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది.

సామాను సర్దడం గురించి మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే నేను దెబ్బతిన్నాను. మీ తాతయ్య ఎడ్లబండిలో ధాన్యం బస్తాలు వేసేటప్పుడు చూశావో లేదో, వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచిపోతుందని ముందుకు కాస్త మొగ్గేలా సర్దేవాడు. ఇక్కడా అంతే. అది తెలిసీ నేను దక్షిణ ఆస్ట్రేలియాలో ఊడ్నడట్టా వెళ్ళేటప్పుడు రెండు నీళ్ళ క్యాన్లు, స్టెప్నీ, కట్టెలు అన్నీ ట్రైలర్ వెనక కట్టాను. పోర్ట్ అగస్టా దాటాక ఎదురుగా రోడ్ ట్రైన్ (వెనక వరసగా ట్రైలర్లు లాగే పెద్ద లారీ) ఒకటి వచ్చి, ఆ గాలి తోపుకి ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది, నేను కంగారులో బ్రేకు తొక్కాను, ఇంకా ఎక్కువైంది. ఎలా ఆగిందో నాకిప్పటికీ తెలీదు. మీ పిన్ని కూబర్ పీడీ దాకా నాతో మాట్లాడలేదు. అలా ఊగితే కారు బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, డాష్‌బోర్డు దగ్గర ట్రైలర్ బ్రేకుల కంట్రోలర్ మీదున్న మీట నొక్కు, ట్రైలర్ బ్రేకులొక్కటే పడి అది వెనక్కి లాగి సర్దుకుంటుంది. బరువైనవన్నీ ఇరుసు మీద, కిందగా.

కింబర్లీలో గిబ్ రివర్ రోడ్డు 660 కిలోమీటర్లు, చాలా చోట్ల రేకుల షెడ్డు పైకప్పు మీద తోలినట్టే ఉంటుంది. టైర్లలో గాలి 26, 28 పీఎస్ఐ దగ్గరికి దించు, వేగం తగ్గించు, తారు రోడ్డెక్కగానే మళ్ళీ నింపు. ఆగినప్పుడల్లా అరచేతి వెనక వైపుతో చక్రం మధ్యనున్న హబ్ తాకి చూడు, ఒకటి మిగతావాటికంటే కాలుతుంటే బేరింగ్ పోతోందన్నమాట. ఒక సెట్ బేరింగ్లు, గ్రీజు డబ్బా దగ్గరుంచుకో. ఇంకో మాట, కూల్‌డ్రింక్ డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని చిల్లులు పడతాయి, మధ్యలో గుడ్డలు పెట్టు. ఆవకాయ గాజు సీసాలో వద్దు. మా పరుపుకి ఆ ఎరుపు ఇంకా వదల్లేదు.

రివర్స్ అంటావా, ఖాళీ స్థలంలో రెండు ఆదివారాలు తిప్పు, వచ్చేస్తుంది. స్టీరింగ్‌ని కింద పట్టుకుంటే చెయ్యి ఎటు పోతే ట్రైలర్ వెనక అటు పోతుంది.

ముందు వారం రోజులు అద్దెకి తీసుకుని ఎటైనా వెళ్ళి రండి. ఇదే కావాలని కోడలు పట్టుబడితే, డీలర్ని దాన్ని వే బ్రిడ్జి మీద తూయించి చీటీ ఇమ్మను, ప్లేటు మీద రాసిందానికీ దానికీ ఎంత తేడా ఉందో చూడాలి. ఆ చీటీ, ప్లేటు, కింద దూరి తీసిన ఫొటోలు నాకు పంపు. అప్పటిదాకా అడ్వాన్సు కట్టకు.

మీ బాబాయ్