కాలింగ్ బెల్లు పక్కన పేరు

చి.ల.సౌ. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

అల్లుడికి ఇటలీలోని తురీనోలో ఉద్యోగం ఖాయమైందనీ, పిల్లవాడిని తీసుకుని నీవు కూడా సెప్టెంబరులో బయలుదేరుతున్నావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుండి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. నేను పదకొండేళ్లు కాపురం చేసిన ఊరికే నీవూ వెళ్తున్నావంటే గర్వంగానే ఉంది. కానీ ఆ ఊరి పేరు వినగానే నాకు గుర్తుకు వచ్చేది పో నదీ కాదు, సుపెర్గా కొండా కాదు, ఒక అర్ధరాత్రి.

అందరూ చెప్పే సంగతులు ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. దిగిన 8 పనిదినాలలోపు నివాస అనుమతి, అంటే పెర్మెస్సో ది సొజ్జోర్నో, పని మొదలుపెట్టండి. 16 అక్షరాలూ అంకెలూ కలిసిన కోదీచె ఫిస్కాలె, అంటే పన్ను గుర్తింపు సంఖ్య, ముందుగా తీసుకోండి, అద్దె ఒప్పందం దగ్గర నుండి ప్రతిచోటా అదే అడుగుతారు. సామాను లేని ఇల్లు అద్దెకు తీసుకుంటే వంటగదిలో పొయ్యీ, సింకూ కూడా ఉండకపోవచ్చు కనుక చూడకుండా ఒప్పుకోవద్దు. గ్రైండరు తీసుకెళ్తున్నావట, తీసుకెళ్లు. అయితే అక్కడ ఇళ్లకు సాధారణంగా 3 కిలోవాట్ల కరెంటే ఉంటుంది, ఓవెనూ వాషింగ్ మెషినూ నడుస్తుండగా ఇస్త్రీపెట్టె పెట్టావంటే ఇల్లంతా చీకటవుతుంది. శనగపిండికి బెంగ లేదు, వాళ్లూ దానితో ఫరినాతా అని అట్టు కాలుస్తారు. పచ్చిమిర్చికీ కొత్తిమీరకూ పోర్తా పలాత్సో సంత ఉండనే ఉంది. పిల్లవాడి టీకాల కార్డు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకో.

ఇక నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఎందుకో చెబుతాను. మన అపార్టుమెంట్లలో 302 అనో 405 అనో తలుపుకు నంబరు ఉంటుంది. అక్కడ చాలా భవనాలలో అది ఉండదు. వీధి ద్వారం దగ్గర చితోఫొనో అనే బెల్లుల పలక, ఒక్కో బెల్లు పక్కన ఆ ఇంటివారి ఇంటిపేరు, అంతే. 2003లో మేము చేరినప్పుడు మా బెల్లు పక్కన పాత అద్దెదారు పేరు ఉంది. మార్చాలని మీ పెదనాన్నకు తోచలేదు. నాకు తోచింది, కానీ మా పేరు చూస్తే పరాయివాళ్లమని వీధిలో అందరికీ తెలుస్తుందన్న బెరుకుతో ఊరుకున్నాను. నివాసం నమోదుకు అర్జీ పెట్టాక, మేము నిజంగా అక్కడే ఉంటున్నామా అని చూడటానికి వచ్చిన మునిసిపల్ పోలీసు పేరు కనబడక వెళ్లిపోయాడు. అప్పుడైనా బుద్ధి రావలసింది.

నవంబరులో ఒక రాత్రి, పెదనాన్న ఊళ్లో లేనప్పుడు, మీ అన్నకు జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. అప్పటికి వాడికి రెండేళ్లు. 118కి ఫోను చేశాను; ఇప్పుడైతే అక్కడ 112. వీధి పేరు, భవనం నంబరు చెప్పగలిగాను. "చితోఫొనో మీద ఏ పేరు ఉంది?" అని అడిగితే మా ఇంటిపేరు చెప్పాను. అంబులెన్సు దీపం కిటికీ అద్దం మీద తిరుగుతోంది, బెల్లు మాత్రం మోగదు. క్రింద వాళ్లు లేని పేరును వెతుకుతున్నారు. వాడిని భుజాన వేసుకుని నాలుగు అంతస్తులు దిగాను. నా వెనుకే తలుపు దానంతట అదే మూసుకుపోయింది, తాళంచెవి లోపలే. (ఆ తలుపులు అంతే. చెత్త వేయడానికి దిగినా తాళంచెవి కొంగున కట్టుకుని దిగు.) వాడికి ఏమీ కాలేదు, ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు. ఆలస్యమైంది నాలుగైదు నిమిషాలే. ఆ లెక్క నేను ఇప్పటికీ వేస్తూనే ఉన్నాను.

రెండో అంతస్తులో ఒక ముసలావిడ ఉండేది. తడి తలతో మెట్లు దిగితే చాలు, గాలి తగిలి జబ్బు చేస్తుందని కేకలు వేసేది. ఆవిడకు భయపడి నేను తప్పించుకుని తిరిగేదాన్ని. ఆ రాత్రి తన కోటు నా మీద కప్పి పంపింది ఆవిడే. తెల్లవారాక కాగితమూ పెన్నూ తెచ్చి పేరు రాయమంది. రాశాను. "ఇది ఆయనది. మరి నీది?" అంది. అక్కడ ఆడవాళ్లకు పెళ్లయినా పుట్టింటి పేరే ఉంటుంది, నా పాస్‌పోర్టులోనూ అదే ఉంది. దాని క్రింద మా నాన్న ఇంటిపేరు కూడా రాశాను. తన పల్లెటూరు దాటి ఎరుగని మీ తాతయ్య పేరు తురీనోలో ఒక వీధి ద్వారం మీద అన్నేళ్లు ఉంది, మీ అమ్మకు కూడా ఈ సంగతి తెలియదు.

కనుక నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో ఈ రోజే చూడు. మనవాళ్లలో కొందరికి అది ఖాళీగా ఉంటుంది, అలా ఉంటే ఇక్కడ ఉండగానే సరిచేయించు. అక్షరం పొల్లుపోకుండా అదే రాయి, ఉత్తరాల పెట్టె మీద కూడా రాయి, లేకపోతే రిజిస్టరు ఉత్తరాలు వెనక్కి పోతాయి. "చూద్దాంలే పెద్దమ్మా" అనకు, ఆ మాట మీ అమ్మ నోట నలభై ఏళ్లుగా వింటున్నాను. నీవు నాకంటే ధైర్యం కలదానివే, నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

పాలు పొంగించిన ఫొటో తర్వాత పంపుదువుగాని, ముందు ఆ బెల్లుల పలక ఫొటో తీసి పంపు. రెండు పేర్లూ కనబడాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ