ఇన్ని కోట్ల నక్షత్రాలున్నా గ్రహాంతరవాసుల జాడ ఎందుకు దొరకలేదు?

జాడ దొరకకపోవడానికి ముఖ్య కారణం, మనం ఇప్పటిదాకా వెతికింది చాలా కొంచెమే. తెలివైన జీవులు నిజంగానే అరుదు కావచ్చు, ఆ అవకాశాన్నీ కొట్టిపారేయలేం.

పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు (కాంతి ఒక ఏడాదిలో వెళ్లే దూరమే ఒక కాంతి సంవత్సరం). అందులో కనీసం 10 వేల కోట్ల నక్షత్రాలున్నాయి. 1960లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ రేడియో టెలిస్కోపుతో వెతుకులాట మొదలుపెట్టినప్పుడు చూసింది రెండే రెండు నక్షత్రాలను. తర్వాత ఆ సంఖ్య బాగా పెరిగింది. కానీ సంకేతం దొరకాలంటే దిక్కు, ఫ్రీక్వెన్సీ, సమయం మూడూ ఒకేసారి కుదరాలి. అసలు చిక్కంతా సమయంతోనే. వాళ్ల సంకేతం 5 వేల ఏళ్ల క్రితమే భూమిని దాటిపోయి ఉంటే, అప్పుడు ఇక్కడ రేడియో ఎవరి దగ్గర ఉంది?

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌నే తీసుకోండి. రాత్రి వేటకెళ్లిన బోటులోంచి ఒక్క క్షణం అటు చూసి తల తిప్పేస్తే, ఆ క్షణంలో వెలుగు వేరే వైపు తిరిగి ఉండొచ్చు. కనపడలేదని అక్కడ లైట్‌హౌసే లేదనుకోలేం కదా.

"వాళ్లుంటే మన రేడియో, టీవీ ప్రసారాలు విని ఈపాటికి వచ్చేవారు" అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. మన ప్రసారాలు మొదలై సుమారు వందేళ్లే కాబట్టి అవి దాదాపు 100 కాంతి సంవత్సరాల దూరమే వెళ్లాయి, అదీ పోనుపోను బలహీనపడుతూ. 1974లో ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి ఎం13 నక్షత్ర గుచ్ఛం వైపు కావాలనే పంపిన సందేశం అంత దూరం వెళ్లడానికే సుమారు 25 వేల ఏళ్లు పడుతుంది.