డాక్టర్ సలహా: అందరి మధ్యా ఉన్నా ఒంటరిగానే అనిపిస్తోంది, ఇది డిప్రెషనా?

ప్రశ్న: నా వయసు 73. మావారు పోయి ఏడాదిన్నర అయింది. ఒక్కదాన్నే ఇంట్లో ఉండలేక, అలాగని అమ్మాయి దగ్గర ఉంటే ప్రతిదానికీ వాళ్ళ వీలు చూసుకోవాలని, నా అంతట నేనే సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో చేరాను. మూడు నెలలైంది. బీపీ, షుగర్ కంట్రోల్‌లోనే ఉన్నాయి. ఇక్కడ అన్నీ వాళ్ళే చేసిపెడతారు, మంచినీళ్ళకి కూడా లేవనక్కర్లేదు. కానీ డైనింగ్ హాల్లో అందరూ ఏదో చెప్పుకుని నవ్వుతుంటారు, నాకు కలవబుద్ధి కాదు, ప్లేట్ రూమ్‌కే తెప్పించుకుంటున్నా. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, పక్క రూమ్ ఆవిడ తన నిద్రమాత్ర ఇస్తే సగం సగం నాలుగైదు సార్లు వేసుకున్నా. అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా టీవీ అంత గట్టిగా ఎందుకు పెట్టావు, వచ్చేయమ్మా అంటుంది. ఇది డిప్రెషనా? మందులు వాడాలా, వెనక్కి వెళ్ళిపోవాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ డిప్రెషన్ అనే అనిపించింది, రెండోసారి చదువుతుంటే టీవీ దగ్గర ఆగిపోయాను. టీవీ సౌండ్ పెంచుకునే మనిషి, జనం ఎక్కువున్న హాల్లో కూర్చోబుద్ధి కాని మనిషి, అందరూ ఎందుకు నవ్వుతున్నారో అంతుపట్టని మనిషి... ఈ మూడూ ఒకే చోట కనిపిస్తే నేను ముందు మనసు కంటే చెవుల్ని అనుమానిస్తాను.

వయసుతో వచ్చే చెవుడు మనం అనుకునేలా ఉండదు. పూర్తిగా వినపడకపోవడం కాదు, వినపడుతుంది కానీ మాట తెలియదు. ముందు పోయేది సన్నటి, హెచ్చు ఫ్రీక్వెన్సీ శబ్దాలు, అంటే స, శ, ఫ, త, క లాంటి హల్లులు. అచ్చులు బానే వినపడతాయి కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, పాలు అన్నారో కాలు అన్నారో తేలదు. గదిలో ఒక్కరితో మాట్లాడితే ముఖం చూసి, పెదాలు చూసి సర్దుకుంటాం, అదే హాల్లో ప్లేట్ల చప్పుడు, కుర్చీలు లాగే చప్పుడు, నలుగురూ ఒకేసారి మాట్లాడటం, దాంతో మెదడు అలిసిపోతుంది. ఇంకోసారి చెప్పండి అని ఎన్నిసార్లు అడుగుతాం? రెండుసార్లు అడిగి మూడోసారి ఊరికే నవ్వేస్తాం, తర్వాత మెల్లగా వెళ్ళడమే మానేస్తాం. అక్కడివాళ్ళేమో ఈవిడకి గర్వం అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, చిత్రం ఏంటంటే ఒక్కరూ చెవి కోసం రారు, నిద్ర లేదనో నీరసమనో వస్తారు.

కాబట్టి ఈ వారమే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గులిమి గట్టిపడి అడ్డం ఉందేమో ముందు చూస్తారు, అదే అయితే అక్కడికక్కడే తేలిపోతుంది. లేకపోతే ఆడియోమెట్రీ అని అరగంట టెస్ట్, నొప్పి ఉండదు. హియరింగ్ ఎయిడ్ రాస్తే పెట్టుకోండి, మొదటి కొన్ని వారాలు అన్నీ రొదగా అనిపిస్తాయి, మెదడు మళ్ళీ అలవాటు పడాలి, అందుకే పెట్టుకున్న నాలుగో రోజు సొరుగులో పడేయకండి (చాలామంది చేసేది అదే). 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ డిమెన్షియాకి (మతిమరుపు జబ్బుకి) దారి తీసే, మనం సరిచేసుకోగలిగిన కారణాలు 14 అని చెప్పింది, అందులో వినికిడి లోపం ఒకటి, మనుషులకి దూరంగా ఉండిపోవడం ఇంకొకటి. మీ విషయంలో మొదటిది రెండోదాన్ని తెచ్చిపెడుతోందని నా అనుమానం.

డిప్రెషన్ లేదని కాదు. మీవారు పోయిన బాధ ఏడాదిన్నరలో పోవాలని రూలేం లేదు, దాని మీద ఇల్లు మారడం. పెద్దవాళ్ళలో డిప్రెషన్ ఉందేమో చూసే 15 ప్రశ్నల జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్ ఉంటుంది, అవును కాదు అని చెప్పడమే, స్కోర్ 5 దాటితే డాక్టర్ వివరంగా మాట్లాడతారు. థైరాయిడ్, బీ12 కూడా చూపించుకోండి. బరువు తగ్గుతున్నా, తిండి సహించకపోయినా, బతికి ఏం లాభం అనిపించినా మాత్రం ఇవేవీ చూడకుండా అదే రోజు అమ్మాయికి, డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పుడు ఆ మంచినీళ్ళ సంగతి. అన్నీ వాళ్ళే చేస్తారని మీరు సుఖంగా రాశారు కానీ నాకు అది నచ్చలేదు. వాడని కండ ఈ వయసులో చాలా త్వరగా కరిగిపోతుంది. కుర్చీ గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో చూడండి, పక్కన ఎవరైనా ఉండాలి. మీ వయసు ఆడవాళ్ళు 10 కన్నా తక్కువ చేస్తే కాళ్ళలో బలం తగ్గినట్టు, పడిపోయే రిస్క్ ఉన్నట్టు. స్టాఫ్‌తో కూర్చుని ఏది మీరు చేసుకుంటారో ఏది వాళ్ళు చేయాలో మీరే చెప్పండి. పక్క సర్దుకోవడం, నీళ్ళు తెచ్చుకోవడం, వారం మాత్రలు డబ్బాలో వేసుకోవడం మీ పని, నర్సు ఒకసారి సరిచూస్తే చాలు. స్నానానికి తోడు కావాలంటే పెట్టుకోండి, అందులో పోయేదేం లేదు. సొంతంగా ఉండటం అంటే బాత్రూమ్‌లో ఒక్కళ్ళే జారిపడటం కాదు కదా.

1976లో అమెరికాలో లాంగర్, రోడిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక వృద్ధాశ్రమంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక గ్రూపు వాళ్ళకి మీ గది మీ ఇష్టం, ఈ మొక్క మీరే పెంచుకోండి అన్నారు, ఇంకో గ్రూపుకీ మొక్క ఇచ్చారు కానీ నీళ్ళు నర్సులే పోస్తారన్నారు. మూడు వారాలకే మొదటివాళ్ళు ఎక్కువ హుషారుగా కనిపించారు. చిన్న స్టడీయే, దాన్నే పట్టుకుని ఒట్టు వేయను, కానీ నేను కళ్ళారా చూసేదీ అదే.

మూడు నెలలైనా ఫ్రెండ్స్ లేరని బెంగ పడకండి. 2018లో జెఫ్రీ హాల్ అనే అమెరికా ప్రొఫెసర్ కొత్త చోటికి మారినవాళ్ళని, కాలేజీలో కొత్తగా చేరిన పిల్లల్ని అడిగి లెక్క కట్టారు, ముఖపరిచయం మామూలు స్నేహం అవ్వడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలట, బాగా దగ్గరవ్వాలంటే 200 పైనే. రోజుకి అరగంట వేసుకుంటే 50 గంటలకి వంద రోజులు. మీరు ఆ అరగంటని ప్లేట్‌తో సహా రూమ్‌కి తెప్పించేసుకుంటున్నారు! రోజూ అదే టైమ్‌కి, అదే టేబుల్‌కి వెళ్ళండి, గోడకి వీపు ఉండేలా, వంటగది వైపు చప్పుడుకి దూరంగా, ఎదుటివాళ్ళ ముఖం మీద వెలుతురు పడేచోట. ఒకరిద్దరు ఉన్న టేబుల్ చాలు. కూర్చోగానే, నాకు కాస్త వినికిడి తక్కువ, నా వైపు చూసి చెప్పండి అని ముందే అనేయండి. సిగ్గనిపిస్తుంది, ఆ టేబుల్‌లో ఇంకొకరు నాక్కూడా అంటారు చూడండి.

వెనక్కి వెళ్ళడం గురించి ఇప్పుడే తేల్చకండి. చెవి సంగతి తేలాక ఇంకో మూడు నెలలు చూసి, అప్పటికీ ఉండబుద్ధి కాకపోతే వెళ్ళండి, అది ఓడిపోయినట్టేం కాదు.

ఆ నిద్రమాత్ర మాత్రం ఈ రాత్రి నుంచే వద్దు. నాలుగైదు సార్లే కాబట్టి ఆపినా ఇబ్బంది ఉండదు. ఈ వయసులో నిద్రమాత్రలతో మగత, తికమక, రాత్రి బాత్రూమ్‌కి లేచి తుంటి విరగ్గొట్టుకోవడం, ఇవన్నీ చూస్తూనే ఉంటాం, పైగా అది వేరేవాళ్ళ బీపీ, వేరేవాళ్ళ కిడ్నీలు చూసి రాసిన మందు. పగలు నిద్ర అరగంట దాటనీయకండి, పొద్దున్న ఎండలో నడవండి. అన్నట్టు, మీకు నిద్ర లేదని తెలిసి తన మాత్రలోంచి సగం ఇచ్చిన మనిషి పక్క రూమ్‌లోనే ఉందమ్మా. మిగిలినవి తిరిగిచ్చే వంకతో రేపు వెళ్ళి ఆవిడ తలుపు కొట్టండి, నడకకి వస్తారా అని అడగండి.