స్వచ్ఛంద సేవ గ్రూప్స్‌కు అడ్డమా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఆదివారాల్లో పెదజాలారిపేట పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఈమధ్య అక్కడి మురుగుకాలువ గురించి అర్జీలు కూడా రాస్తోంది. చదువయ్యాక ఇదే రంగంలో ఉంటానంటోంది. మాకేమో గ్రూప్స్ రాయించాలని ఉంది. ఇది మాన్పించమంటారా?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: అయ్యా, మాన్పించవద్దు. మీరు పక్కమాటగా రాసిన ఆ అర్జీల సంగతే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది.

మురుగుకాలువ గురించి అర్జీ రాయాలంటే ముందు అది ఎవరి పరిధిలోని పనో తెలియాలి. పూడిక తీయించడమైతే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శిని కలవాలి. కాలువనే కొత్తగా కట్టాలంటే అది ఇంజినీరింగ్ వైపు వెళుతుంది, అంచనా వేయాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. అర్జీకి రసీదు తీసుకోవడం, కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మళ్లీ ఇవ్వడం, అప్పటికీ ఫైలు ఎక్కడ ఆగిందో తేలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి 30 రోజుల్లో సమాధానం కోరడం, ఇవన్నీ చేసిన విద్యార్థికి పాలనా వ్యవస్థ పుస్తకంలో పాఠంగా మిగలదు. నగరపాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణను గ్రూప్స్ అభ్యర్థులందరూ చదువుతారు. ఒక వీధి కాలువ విషయంలో అది ఎంతవరకు పనిచేస్తుందో చూసినవారు మాత్రం తక్కువ.

మొక్క నాటి ఫోటో దిగడమే యువత భాగస్వామ్యమన్న అభిప్రాయం మన దగ్గర బాగా పాతుకుపోయింది, అది నాకు బాధ కలిగిస్తుంది. 61వ సవరణ ఫలితంగా 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు హక్కు ఉంది, 21 ఏళ్లు నిండితే కార్పొరేటర్‌గా పోటీ చేయవచ్చు. ఇంత బాధ్యత అప్పగించిన వయసువారికి కార్యాలయం గడప తొక్కే అలవాటు కూడా ఉండాలి కదా.

అయితే సంస్థ గురించి మీరే స్వయంగా విచారించండి. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరైందా, ఏటా లెక్కలు ఆడిట్ చేయిస్తుందా, బస్తీకి వెళ్లేటప్పుడు అమ్మాయిల వెంట బాధ్యులెవరైనా ఉంటారా అని అడగండి. విద్యార్థుల చేత వీధుల్లో చందాలు వసూలు చేయించే సంస్థ అయితే వెంటనే ఆపించండి. కళాశాలలో జాతీయ సేవా పథకం ఉంటే అందులోనూ చేరమనండి. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం పూర్తిచేసినవారికి ధ్రువపత్రం వస్తుంది.

ఇక జీవనోపాధి. ఈ రంగంలో తొలి జీతాలు చాలా చోట్ల తక్కువే, ప్రాజెక్టు నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగిపోవచ్చు. అందుకే ఉత్సాహం ఒక్కటే చాలదు, పీజీ కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పీజీ ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, గ్రామీణాభివృద్ధి నిర్వహణకైతే గుజరాత్‌లోని ఆనంద్ పట్టణంలో ఉన్న ఇర్మా విద్యాసంస్థ కూడా చూడవచ్చు. డిగ్రీ కాగానే పని అనుభవం కావాలనుకుంటే గాంధీ ఫెలోషిప్, టీచ్ ఫర్ ఇండియా వంటి రెండేళ్ల ఫెలోషిప్‌లు భృతితో సహా ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దేశిత స్థాయి దాటిన సంస్థలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఇన్ని పెద్ద పరిశ్రమలున్న విశాఖలో ఆ పనులు నడిపించగల శిక్షితులకు అవకాశం ఉంటుంది.

గ్రూప్స్ కోరికను వదులుకోమని నేను అనడం లేదు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, దాని కోసం ఏళ్ల తరబడి కోచింగ్ గదిలో ఖాళీగా కూర్చున్నవారిని మీరూ చూసే ఉంటారు. చేతిలో ఒక పీజీ, ఒక పని ఉండి పరీక్ష రాసే అమ్మాయికి ఆ నిరీక్షణ అంత భారం కాదు. ప్రస్తుతానికి సేవను ఆదివారాలకు, వారంలో మరొక సాయంత్రానికి పరిమితం చేయమనండి, సెమిస్టరు పరీక్షలకు పక్షం ముందు పూర్తిగా ఆపమనండి. ఏ తేదీన ఏ అర్జీ ఇచ్చిందో, ఎవరు ఏమని బదులిచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో ఆమె అనుభవానికి అదే ఆధారం. పీజీ ప్రవేశ ప్రకటనలను మూడో సంవత్సరం మధ్య నుంచే గమనిస్తూ ఉండాలి, ఆ పని మీరిద్దరూ కలిసి చేయండి.