జెఫర్సన్‌కు, బర్‌కు సమాన ఓట్లు ఎలా వచ్చాయి?

ప్రశ్న: 1800 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలో థామస్ జెఫర్సన్, ఆరన్ బర్ ఒకే పార్టీవారు కదా, మరి వారిద్దరి మధ్య పోటీ ఎందుకు వచ్చింది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అప్పటి రాజ్యాంగం ప్రకారం ప్రతి ఎలక్టరూ (రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే వ్యక్తి) ఇద్దరికి ఓటు వేయాలి, అయితే వాటిలో ఏది అధ్యక్ష పదవికో, ఏది ఉపాధ్యక్ష పదవికో చెప్పే వీలు లేదు. పార్టీలు పుట్టకముందు రాసిన నియమమది. జెఫర్సన్, బర్‌ల రిపబ్లికన్ పార్టీ (నేటి రిపబ్లికన్ పార్టీ కాదు) ఎలక్టర్లందరూ క్రమశిక్షణతో తమ అభ్యర్థులిద్దరికీ ఓటేయడం, ఒక్క ఓటునైనా పక్కకు మళ్లించే జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల ఇద్దరికీ 73 చొప్పున వచ్చాయి. ప్రత్యర్థి పార్టీవారైన ఫెడరలిస్టులు ఆ జాగ్రత్త పడ్డారు: వారి అధ్యక్ష అభ్యర్థి ఆడమ్స్‌కు 65, ఉపాధ్యక్ష అభ్యర్థి పింక్నీకి 64.

నిర్ణయం అమెరికా కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభకు వెళ్లింది. అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు. 16 రాష్ట్రాల్లో తొమ్మిది గెలవాలి. 1801 ఫిబ్రవరి 11న మొదలైన ఓటింగులో జెఫర్సన్‌కు ఎనిమిది, బర్‌కు ఆరు రాగా, మేరీలాండ్, వెర్మాంట్ ప్రతినిధులు చెరిసగం చీలిపోయారు. మేరీలాండ్ సభ్యుడు జోసెఫ్ నికల్సన్ తీవ్ర జ్వరంతో ఉన్నా, మంచు కురుస్తుండగా తనను కాంగ్రెస్ భవనమైన కాపిటల్‌కు మోయించుకుని వచ్చి, పక్క గదిలో పడుకునే ఓటు వేశారు. ఆయన రాకపోతే ఆ రాష్ట్రం బర్ పక్షానికి పోయేది.

బర్ కంటే జెఫర్సనే మేలని ఫెడరలిస్టు నాయకుడు హామిల్టన్ తన పార్టీవారికి ఉత్తరాలు రాసిన మాట నిజమే. కానీ నా దృష్టిలో అసలు నిర్ణాయకుడు డెలావేర్ ఏకైక ప్రతినిధి జేమ్స్ బేయర్డ్. ఫిబ్రవరి 17న, 36వ విడతలో ఆయన ఖాళీ చీటీ వేయడం, వెర్మాంట్, మేరీలాండ్ ఫెడరలిస్టులు తప్పుకోవడంతో జెఫర్సన్ పది రాష్ట్రాలతో గెలిచారు. 1804లో ఆమోదం పొందిన 12వ సవరణ రెండు పదవులకూ వేర్వేరు ఓట్లను ఏర్పాటు చేసింది.